వెయ్యి లీరాల టీచరమ్మ

లోకమంతా కొత్తగా కనబడే ఆ వయసులో, చూసిన ప్రతిదానికీ నోరు తెరవడం ఒక్కటే నాకు బాగా వచ్చిన విద్య. లేకపోతే డిగ్రీ చదివిన పిల్ల పోయి పోయి మైలాపూరులో చెల్లని నోట్లు అమ్మే దుకాణంలో ఎందుకు చేరుతుంది? "చెల్లని నోట్లు అమ్మితే చెల్లే జీతం ఇస్తారా ఏంది?" అని మా అమ్మ ఎకసెక్కెమాడింది. దుకాణం యజమానిని అందరూ నోట్లతాత అనేవాళ్ళు. మా మాదిరే ఎన్నో తరాల కిందట ఈ ఊళ్ళో స్థిరపడిన తెలుగువారు. పాత నోట్లు పోగేసేవాళ్ళే ఆయన బేరగాళ్ళు. మొదటిరోజే ఇటలీ నోట్ల ఆల్బం తెరిచి నా ముందు పెట్టారు. అందులో ఐదు లక్షల లీరాల నోటు చూసి నాకు ఊపిరాడలేదు. (మా ఇంట్లో అంత మొత్తం పేరెత్తాలంటే ముందు తలుపేసేవాళ్ళం.) "యూరో వొచ్చినాక లీరా లేదు పాపా. ఒకప్పుడు దేశమంతా తిరిగింది, ఇప్పుడు ఈడ నా బీరువాలో కూర్చోనుండాది" అన్నారు తాత. ఒక దేశం డబ్బుకు డబ్బే చచ్చిపోగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది వెయ్యి లీరాల నోటు. దానిమీద రాజు లేడు, సేనాపతి లేడు, నెరిసిన జుట్టుతో ఒక పెద్దావిడ ఉంది. వెనకవైపు చదువుకుంటున్న పిల్లలు. "టీచరమ్మ" అన్నారు తాత. పంతులమ్మను నోటుమీద అచ్చేసిన దేశమా! మా అమ్మ కూడా కార్పొరేషన్ బడిలో టీచరే, పాపం ఆమె ముఖం రేషన్ కార్డుమీద కూడా సరిగ్గా పడలేదు. ఒక్క మడతైనా లేని అలాంటి నోటు కోసం తాత ఏళ్ళ తరబడి వెతికి దీన్ని సంపాదించారట. "తడిచెయ్యి తగిలిందో, ఆ రోజే నీ పని సరి!" అని ముందే చెప్పేశారు.

ఆయుధపూజ వచ్చింది. మా ఊళ్ళో సరస్వతీపూజ కూడా ఆ రోజే. "అన్నిటికీ బొట్టు పెట్టు పాపా, నేను బోయి గుమ్మడికాయ తెస్తా" అని తాత మాడవీధికి వెళ్ళారు. బీరువాకు, కుర్చీకి, భూతద్దానికి, ఫ్యాన్ స్విచ్చికి కూడా పెట్టాను. ఆల్బం టీచరమ్మ ఉన్న పేజీ దగ్గర తెరిచి ఉంది. స్విచ్చికి పెట్టి టీచరమ్మకు పెట్టకపోవడం మర్యాదేనా? తడి కుంకుమతో ఆవిడ నుదుట బొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. కళ్ళు తెరిచాక గానీ బుర్ర తెరుచుకోలేదు. గబగబా తుడిచాను. బొట్టు కాస్తా నామమైంది.

తాత గుమ్మడికాయతో గడపలోకి వచ్చేసరికి నేను వెక్కుతున్నాను. "నేనే చేసినా తాతా. పనిలోంచి తీసేయండి" అన్నాను. తాత భూతద్దం అందుకున్నారు. (దాని బొట్టు ముందు తుడుచుకోవాల్సి వచ్చింది.) ఎంతసేపు చూశారో! "మడత పడలేదు గదా" అన్నారు చివరికి. "ఇన్నేళ్ళుగా ఈమెను చూస్తా ఉండాను. అంచులు చూసినా, రంగు చూసినా. దండం పెట్టాలని ఒక్కనాడూ తోచలేదే నాకు! సరి సరి, ఏడవబాక. రేపు పదికంతా వొచ్చెయ్, చేతులు కడుక్కోని రా" అన్నారు. ఐదు లక్షల లీరాలను చూసినప్పటికన్నా ఎక్కువగా ఆ ముసలాయన్ని చూసి నివ్వెరపోయాను.

ఇప్పుడు ఒక ఆఫీసులో నా కింద ఆరుగురు పనిచేస్తారు. మొన్న కొత్తగా చేరిన పిల్ల ఒక ఫైలుమీద కాఫీ ఒలికిస్తే, నేను అరిచిన అరుపుకు పక్క గదివాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ రోజు తాత కుర్చీలో నేనే ఉండి ఉంటే, ఆ కుంకుమ పిల్లను ఆ పూటే ఇంటికి పంపేసేదాన్ని. మర్నాడు ఈ పిల్లకు కాఫీ నేనే తెప్పించి ఇచ్చాను, ఫైళ్ళకు మాత్రం కాస్త దూరంగా కూర్చోబెట్టి.