అద్దాల గదిలో చిన్నమ్మ గొంతు

మొన్న పేపరు జిల్లా పేజీలో ఒక చిన్న వార్త చూశాను. కామారెడ్డిలో ఒక కాలేజీ లైబ్రరీ తన ప్రత్యేక సేకరణల గదిని జనం చూడటానికి తెరిచిందట. తాళపత్రాలు, నిజాం కాలపు ఉర్దూ కాగితాలు, మద్నూర్ వైపు నుంచి వచ్చిన మరాఠీ భజన పుస్తకాలు, వాటితో పాటు పల్లె ఆడవాళ్ల పాటల పాత క్యాసెట్లు. క్యాసెట్ల మాట చదవగానే మా చిన్నమ్మ గుర్తొచ్చింది. నేను కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాను. ఎల్లారెడ్డి శాఖా గ్రంథాలయంలో, ఫ్యాను కింద కుర్చీ దొరికిన రోజు పండగనుకుంటూ చదివినవాణ్ణి. అలాంటి నా ఇంటి మనిషి గొంతు ఒక లైబ్రరీలో దాచారంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు.

చిన్నమ్మది నాగిరెడ్డిపేట పక్క పల్లె. ఆమె ఒక్కగానొక్క కొడుకు కూలిపనికి బొంబాయి వెళ్లి, కడుతున్న గోడ విరిగి మీద పడడంతో చనిపోయాడు. తోటి కూలీలు అక్కడే దహనం చేసి, తర్వాత కబురు పంపారు. మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్లు శవం చుట్టూ కూర్చుని, పోయినవాణ్ణి పిలుస్తూ రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటాం. శవం లేని ఇంట్లో శోకం పెడితే ఇంకో చావు వస్తుందని భయం. అందుకని పెద్దలు ఆమె నోరు మూయించారు. ఆమె వంట చేసింది, నాట్లకు వెళ్లింది, మాట్లాడటం మాత్రం దాదాపు మానేసింది.

మరుసటి ఏడు ఆ కామారెడ్డి కాలేజీ సారొకాయన టేపు రికార్డరు పట్టుకుని మా ఊరికొచ్చి, ఎవరైనా శోకం పాడి వినిపించమన్నాడు. "చావు లేంది శోకమేంది సారూ, మీ ఇంట్ల పాడిచ్చుకోరాదుండ్రి?" అని ఒక ముసలామె తిట్టిపోసింది. మిగతావాళ్లు ఇళ్లలో దూరారు. చిన్నమ్మ ఒక్కతే ముందుకొచ్చి, "నేను పెడుత. ఊరి బయటికి పోదాం పాండ్రి" అంది. పోచారం కాలువ గట్టు మీద కూర్చుని, 'అలుగు పారె కొడుకా, నీ అడుగు కానరాదాయె' అని ఎత్తుకుంది. సారు తనకొక పాట దొరికిందనుకున్నాడు. ఆమె కొడుకును సాగనంపింది. ఇంటికొచ్చి తలస్నానం చేసి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది.

ఇప్పుడు నడుం వంగిన ఆ చిన్నమ్మను వెంటబెట్టుకుని కామారెడ్డి వెళ్లాను. అద్దాల బీరువాలు చూసి, "గాజుల దుకాణం లెక్కున్నది గదరా" అని నవ్వింది. మూలన చిన్న స్పీకరు, పక్కన ఒక బటను. నొక్కాను. గదంతా ఆమె గొంతు నిండింది. చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది.

"గిది రోజూ మోగుతదా?" అని లైబ్రరీ మేడంను అడిగింది.

"రోజూ అవ్వా. అచ్చినోళ్లంత ముందుగాల గిదే వింటరు. మా దగ్గర గింత మంచిది ఇంకోటి లేదు."

"ఒక్కసారి సాగనంపినంక మళ్ల శోకం పెట్టొద్దు బిడ్డా. మళ్ల మళ్ల పిలుస్తుంటే పోయినోడు ఎట్ల పోతడు? బంద్ చెయ్యి."

మేడం ముఖం చిన్నబోయింది. అది కాలేజీ సొత్తనీ, పెద్దసారును అడగాలనీ, తన చేతిలో లేదనీ మెల్లగా చెప్పింది. పాత గొంతులు భద్రపరచడం ఎంత గొప్ప పనో నేను చెప్పబోయాను. "గన్ని బుక్కులు సదివితివి, గీ ముచ్చట ఏ బుక్కుల రాయలేదారా?" అంది చిన్నమ్మ.

మెట్లు దిగుతుంటే వెనక ఎవరో విద్యార్థులు బటను నొక్కారు. శోకం నడుస్తుండగా వెళ్లిపోవడం మాలో తప్పు. చిన్నమ్మ మెట్టు మీదే కూలబడింది. అది అయిపోయి లేచేలోగా ఇంకెవరో నొక్కారు. మళ్లీ కూర్చుంది. ఎల్లారెడ్డి బస్సు వెళ్లిపోయింది. లైబ్రరీ మూసేదాకా అక్కడే ఉన్నాం.

"దీనికి సెలవెప్పుడురా?"

"ఐతారం, చిన్నమ్మా."

"గట్లనా," అంటూ మోకాళ్లు పట్టుకుని లేచింది. "అయితే ఐతారమన్న పండుకుంటడు పోరడు."

కాలం గడిచిపోతోందని బాధపడేవాళ్ల గురించే ఇన్నేళ్లూ చదివాను. దాన్ని గడవనివ్వమని బతిమాలే మనిషిని చూడటం అదే మొదలు.