గోడ మీది మూడు వాక్యాలు

మొన్న విశాఖపట్నం నుంచి చోడవరం వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఫోనులో వార్తలు పెట్టుకున్నాడు. ఎక్కడో దూరదేశంలో యుద్ధం. ప్రతి వార్తకీ ముందు చానల్ వాళ్ళు సైరన్ మోగిస్తున్నారు. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ చూస్తున్నాడు, మర్యాదకి నాలుగు గింజలు నా వైపు కూడా చాపాడు. నేను వాటిని తీసుకుని, ఆ మోతకి తినలేక పిడికిట్లోనే పట్టుకున్నాను. కొన్నేళ్ళ కిందట మన సరిహద్దులోనే కాల్పులు మొదలైనప్పుడు చిన్నాన్నగారి ఇంట్లో గడిపిన ఒక ఆదివారం గుర్తొచ్చింది.

చిన్నాన్న వడ్డాది హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరై, చోడవరంలో ఇల్లు కట్టుకున్నారు. ఎర్రజెండా మనిషి. పెళ్ళి భోజనాల బంతిలో కూడా చెరుకు కోసే కూలీల సంగతి ఎత్తేవారు కాబట్టి, బంధువులు ఆయన పక్క ఆకు ఖాళీగా ఉన్నా ఇంకో వరసలో చోటు వెతుక్కునేవారు. రోజూ రెండు పేపర్లు తెప్పించుకుని, పరీక్ష కాగితాలు దిద్దినట్టు ఎర్ర పెన్సిలుతో దిద్దేవారు. పతాక శీర్షిక పక్కన 'ఆధారమేది? అర మార్కు' అని రాసి ఉన్న పేపరు నేను స్వయంగా చూశాను. టీవీతో ఆయన గట్టిగా వాదిస్తుంటే భరించలేక పిన్ని రిమోట్‌ని బియ్యం డబ్బాలో దాచేసేది. ప్రహరీ గోడకి బయటివైపు బల్లంత మేర నల్ల రంగు వేయించుకుని, పొద్దున్నే సుద్దముక్కతో రెండు మూడు వాక్యాలు రాసేవారు. చాలా ఏళ్ళపాటు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మా పిల్లలైతే 'తాతయ్య స్టేటస్' అని నవ్వేవారు.

ఆ ఆదివారం నేను ఎనిమిదింటికి బస్సు దిగాను. చక్కెర ఫ్యాక్టరీ ఆడే రోజులు. చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండా వరస కట్టాయి, ఊరంతా ఉడుకుతున్న చెరుకురసం వాసన. గేటు తీస్తూ గోడ మీద చదివాను. 'నిన్న టీవీలు నేలమట్టం చేసిన నగరం ఇవాళ నిలబడే ఉంది. అబద్ధం చెప్పామని ఎవరూ ఒప్పుకోలేదు. మన పిల్లలు ప్రాణాలతో ఇంటికి రావాలి, వాళ్ళ పిల్లలు కూడా.'

లోపల పిన్ని ఉప్మా చేసి పెట్టింది కానీ ఎవరూ తినలేదు. గంట ముందు ఎవరో గోడని ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారట. మొదటి వాక్యం ఒక్కటే కనిపించేలా కత్తిరించి, కింద 'శత్రువు ఊరు బాగుందని సంబరపడుతున్న మాస్టారు' అని రాశారు. రోడ్డుకి అవతల నాలుగు మోటారు సైకిళ్ళు ఆగి ఉన్నాయి. వాటి మీద కూర్చున్నవాళ్ళు ఏమీ అనడం లేదు, ఇంజన్లు మాత్రం ఆపడం లేదు. ఇంతలో పోలీస్ స్టేషన్ నుంచి ఫోను, పదింటికి ఒకసారి రమ్మని. చిన్నాన్న 'సరే' అని స్నానానికి వెళ్ళారు.

అప్పుడే మా ఆయన ఫోను చేశారు. ఫొటో వాళ్ళ ఆఫీసు గ్రూపు దాకా వచ్చేసిందనీ, వెంటనే బయల్దేరి వచ్చేయమనీ అన్నారు. నేనప్పటికి కాంట్రాక్టు లెక్చరర్ని. పర్మినెంట్ చేసే ఫైలు పైన తిరుగుతోంది. ఏం ఆలోచించానో ఇప్పటికీ చెప్పలేను. వరండాలో ఉన్న గుడ్డ తడిపి, బయటికి వెళ్ళి, ఆ నాలుగు బళ్ళ ముందే గోడంతా తుడిచేశాను.

చిన్నాన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి చూశారు. తడి గోడని వేలితో తాకారు.

"తడిగుడ్డెట్టి తుడిసేవా అమ్మా? ఆరేదాకా సుద్ద పట్టదు," అన్నారంతే.

స్టేషన్‌కి నేనూ ఆయన వెంట వెళ్ళాను. ఎస్సై కుర్రవాడే, మర్యాదగానే కుర్చీలు వేయించాడు. ఫొటో చూపించాడు. దాని కింద ఇంకా రెండు వాక్యాలున్నాయని చిన్నాన్న చెప్పారు. కానిస్టేబుల్‌ని పంపి చూడమంటే, గోడ మీద ఏమీ లేదని అతను ఫోను చేశాడు.

"తప్పు రాయకపోతే ఎందుకు సెరిపేసేరు మాస్టారూ?" అని అడిగాడు ఎస్సై.

 చిన్నాన్న నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనే సెరిపేను. గొడవెందుకని," అన్నారు. జీవితంలో ఆయన గొడవెందుకని మానుకున్న పని ఒక్కటి కూడా నాకు తెలియదు.

ఎస్సై నా వైపు తిరిగి, మీరు చదివారా అని అడిగాడు. నేను నోరు విప్పేలోగా చిన్నాన్నే జవాబిచ్చారు, ఆవిడ ఇప్పుడే బస్సు దిగిందనీ, ఆవిడకేమీ తెలీదనీ. నిజమేనా అన్నట్టు ఎస్సై చూశాడు. నేను తలూపాను.

మధ్యాహ్నం దాటింది. క్షమాపణ రాసివ్వమంటారు, చిన్నాన్న రాయనంటారు. అలా ఉండగా చిన్నాన్న వాళ్ళ ఎదురింటామె వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, సొంతూరు కె.కోటపాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో, ఆ సరిహద్దు దగ్గరే ఉన్నాడు. పిన్ని చెబితే ఇంట్లో పొయ్యి ఆర్పేసి, పసుపంటిన చేతులతోనే వచ్చేసింది.

"నాకు సదువు రాదు బాబూ," అంది ఎస్సైతో. "టీవీ సూస్తే గుండాగిపోతంది. అందుకే పొద్దున్నే మాస్టారి గోడకాడికెళ్ళి సదివించుకుంటన్నాను. ఇయ్యాల రెండుసార్లు సదివించుకున్నాను."

మూడు వాక్యాలూ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది. 'వాళ్ళ పిల్లలు కూడా' అన్నచోట గదిలో అందరూ ఆమెనే చూశారు.

"ఆ మాట నాకు ముందు నచ్చలేదు. వంట సేసుకుంటా ఆలోచించేను. ఆ పిల్లగుంటల తల్లులు కూడా నాలాగే టీవీ ముందు కూసుని ఉంటారు కదా."

ఎస్సై క్షమాపణ కాగితం పక్కన పెట్టాడు. చివరికి, పిలిచినప్పుడు వస్తానని మాత్రం సంతకం చేయించుకుని, నాలుగింటికి పంపించాడు. తర్వాత మూడుసార్లు పిలిచారు. ఒక్కో పిలుపుకీ పిన్ని బీపీ మాత్ర మారేది. ఆపైన కాగితం ఎక్కడో అడుగున పడిపోయింది.

ఆటోలో తిరిగి వస్తూ నేను ఏడ్చాను. చెప్పాల్సింది నేనే కదా అన్నాను.

"నీకు ఉద్యోగం ఉంది. నేను రిటైరైనోణ్ణి, నన్నింక తీసీడానికేటుంది?" అన్నారు చిన్నాన్న. పక్కన కూర్చున్న ఎదురింటామె కొంగుతో నోరు కప్పుకుంది. నవ్విందో ఏడ్చిందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

కొన్నాళ్ళకి కాల్పులు ఆగాయి. ఆమె కొడుకు సెలవు మీద వచ్చి వెళ్ళాడు. నా ఉద్యోగం పర్మినెంటైంది. చిన్నాన్న పోయి రెండేళ్ళు దాటింది, బతికున్నన్నాళ్ళూ ఆ రోజు ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అన్నీ తమ దారిన గడిచిపోయాయి. ఆ గదిలో నేను తలూపిన క్షణం మాత్రం, ఎన్నేళ్ళు వెనక్కి తోసినా, గడవడం లేదు.