నౌపడలో పదకొండు నలభై తొమ్మిదికే మిట్టమధ్యాహ్నం

ఈ ప్రయాణానికి కారణం నా మొండితనం. నేను జహీరాబాద్‌లో సాంఘికశాస్త్రం చెబుతాను. మే నెలలో నీడ ఎప్పుడు మాయమవుతుందని అడిగితే, ఏడో తరగతి గౌరి "పన్నెండు కాకముందే" అని రాసింది. వాళ్ళ అమ్మానాన్నలు నౌపడ నుంచి మా ఊరికి కూలిపనికి వచ్చారు. నిరుడు మేలో మా బడిలో నేనే కర్ర పాతి చూశాను, పన్నెండుంపావు అయితే గానీ నీడ పోలేదు. "మా ఊళ్ళో అంతే సార్" అన్నందుకు అబద్ధమాడుతోందని మండిపడి, "పన్నెండు దాటాకే" అని వందసార్లు రాయించాను. ఆ తరవాత మనసు పీకుతూనే ఉంది. వేసవి సెలవులకు ఆ పిల్ల నాయనమ్మ దగ్గరికి వెళ్ళిందని తెలిసి నేనూ రైలెక్కాను.

ఉదయం ఆరున్నరకు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేసరికే ఎండ చురుక్కుమంటోంది. అక్కడి నుంచి శ్రీకాకుళం, టిఫిన్ చేసి టెక్కలి బస్సు, గంటన్నర. టెక్కలిలో షేర్ ఆటో, ముప్ఫై రూపాయలు. పన్నెండుకి నౌపడ ఉప్పుమడుల్లో నీడ చూడాలని నేనంటే డ్రైవరు నవ్వాడు.

"పన్నెండుకా? అప్పటికి ఉప్పు కూలోళ్ళు సోడంబలి తాగీసుంటారు, బాబూ."

నేను మడి దగ్గరికి చేరేసరికి గౌరి నాయనమ్మ నీలమ్మ ఉప్పు లాగే పలకకర్రను గట్టులో నిలువుగా గుచ్చి ఉంచింది. "దీని నీడ పోతే పని ఆపీడమే, మేస్టారూ. గడియారమేటి సెప్తాది మాకు?"

పదకొండు నలభై తొమ్మిది. కర్రకు నీడ లేదు. నా నీడ కూడా కాళ్ళ కిందే దాక్కుంది! దేశమంతటికీ ఒకటే గడియారం, అది కాకినాడ దగ్గరగా పోయే రేఖను బట్టి నడుస్తుంది. నౌపడ దానికి తూర్పున, ఇక్కడ పొద్దు ముందే నడినెత్తికొస్తుంది; మా ఊరు బాగా పడమరన, అక్కడ ఆలస్యం. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా అని ఏటేటా పాఠం చెప్పేది నేనే. నా ఊరి పన్నెండుంపావును గౌరి నెత్తిన రుద్దిందీ నేనే.

పక్కనే నిలబడ్డ గౌరిని అడిగాను. "మీ ఊళ్ళో నీడ ఎప్పుడు పోతుందమ్మా?"

తన నీడా కాళ్ళ కిందే ఉంది. అయినా చేతులు కట్టుకుని, "పన్నెండు దాటాకే సార్" అంది.

"అదేటే! ఇప్పుడే కదా కళ్ళారా సూసినావు!" అంది నీలమ్మ.

తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాను. గౌరి నమ్మినట్టు లేదు.

కొన్ని నిమిషాల్లోనే కర్ర నీడ తూర్పు వైపు తొంగిచూసింది, పనివాళ్ళు సోడంబలి, అదే రాగి అంబలి, గిన్నెలు తెరిచారు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఒక పిల్లకు తన కళ్ళ మీదే నమ్మకం లేకుండా చేయగలనని ఆ రోజే తెలిసింది. భయమేసింది.

మే నెల మధ్యలో వెళ్ళేవాళ్ళు పదకొండున్నరకల్లా గట్టు మీద ఉండండి. నీడ ఎప్పుడు పోతుందో అక్కడి పిల్లల్ని అడగండి, వాళ్ళు చెప్పింది నమ్మండి.