ఎందుకు వెళ్ళిపోయాడో రాయలేదు

ఆ కబురు ముందుగా తెచ్చింది మా ఆడపడుచు. మా ఊరి పక్కనే చరోదాలో రైల్వే క్వార్టర్‌లో ఉంటుంది. ఆటో దిగి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే అంది: "వదినా, నీ కథలో మనిషి దొరికీసాడట!"

"ఎవరే?"

"అదే, నువ్వు రాసి శుక్రవారం శుక్రవారం చదువుతున్నావు కదా, ఆ పేరు లేని మనిషి. మా పక్కింటి పిన్ని, నాతో పూజకొస్తాది చూడు, ఆవిడ మొగుడట. 'మా ఆయన బతికే ఉన్నాడు, మీ వదినకి తెలుసు' అని కాలనీ అంతా చెప్తోంది."

నవ్వబోయి ఆగిపోయాను. ఆ పిన్నిగారి భర్త రైల్వే యార్డులో పనిచేసేవారు. ఏళ్ళ కిందట ఒక పొద్దున్న కేరేజీ పట్టుకుని డ్యూటీకని బయల్దేరారు, అంతే. మనిషీ రాలేదు, కబురూ రాలేదు. ఆవిడ బొట్టూ మెట్టెలూ తియ్యలేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. మా నాన్నగారు ఉక్కు ప్లాంటు నుంచి వచ్చి, స్నానం చేసి, పలక ముందేసుకుని నాకు అక్షరాలు దిద్దించారు. ఈ రోజు నాలుగు ముక్కలు రాస్తున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. నవల మొదలుపెట్టినప్పుడు ఆ మనిషి నా ఊహలో లేడు. ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులో ఒక పెళ్ళి రాస్తున్నాను. పందిట్లో కరెంటు పోయింది. ఎవరో ఒకరు వచ్చి బాగుచెయ్యాలి కదా! అతను వచ్చాడు. తీగలు కలిపాడు, ఆఖరి బంతిలో కూర్చుని తిన్నాడు, తులసికోటలో చెంబుడు నీళ్ళు పోసి వెళ్ళిపోయాడు. పేరు తడుతుందేమోనని చూశాను. తట్టలేదు. తర్వాత చావింట్లో నీళ్ళు మోస్తూ మళ్ళీ కనిపించాడు. భగవంతుడు పంపించిన మనిషిని మనం పొమ్మనగలమా? ఉండనిచ్చాను.

మా నెహ్రూ నగర్ ఇంట్లో శుక్రవారం పూజ అయ్యాక, రాసినంత వరకు ఆడవాళ్ళకి చదివి వినిపించేదాన్ని. వాళ్ళకి చదువు రాదు; ఈ హిందీ దేశంలో పుట్టిన వాళ్ళ పిల్లలకి హిందీయే తప్ప తెలుగు చదవడం రాదు, ఇంట్లో చదివి పెట్టేవాళ్ళు లేరు. "మా కూలర్ పాడైపోనాది, మీ మనిషిని ఓసారి పంపించండి దీదీ," అని ఒకావిడ ఏడిపించేది. పిన్నిగారు మాత్రం నవ్వేవారు కాదు.

మర్నాడు చరోదా వెళ్ళాను. ఆవిడ టీ పెడుతున్నారు.

"పిన్నిగారూ, అతను నేను అల్లిన మనిషండి. తులసికి నీళ్ళు పోసి వెళ్ళడం మా నాన్నగారి అలవాటు. అదే అతనికి పెట్టాను."

"మా ఆయనా పోసీవోరు," అన్నారావిడ. స్టవ్ తగ్గించి, "దీపం ముందు చదివావు కదమ్మా," అన్నారు.

దీపం ముందు పురాణం చదువుతాం, వ్రతకథ చదువుతాం. అక్కడ చదివినదాన్ని అబద్ధమని ఎవరనుకుంటారు?

"నాను మరీ పిచ్చిదాన్ని కాదు తల్లీ. కథని నాకూ తెలుసు. కానీ మొన్న ఆ మనిషి ఎవరింట్లోనో కడుపునిండా తిన్నాడని చదివావు చూడు, ఆ పూట నానూ తిన్నాను." గ్లాసు నా చేతికిచ్చి అడిగారు: "ఇల్లొదిలి ఎందుకెల్లిపోనాడో రాసీసావేటి?"

"ఇంకా లేదండి."

"రాయకు. ఆ పొద్దున్న కేరేజీ ఇస్తూ నానో మాటనీసాను. ఏం మాటో మా అబ్బాయికి కూడా చెప్పలేదు. నువ్వేటి రాస్తే అదే నిజమనీసుకుంటాను."

గ్లాసు కింద పెట్టాను. అతను భార్య అన్న మాటకి రోషపడి వెళ్ళిపోయినవాడని, ఆఖరి అధ్యాయంలో ఆ సంగతి బయటపడి చనిపోతాడని, నేను అప్పటికే మనసులో కట్టుకుని ఉన్నాను. ఆవిడకి ఆ సంగతి చెప్పలేదు. "రాయనండి," అన్నాను.

కారణం తీసేశాక కథ నడవదేమో అనుకున్నాను. నడిచింది. అతని గురించి నాకు తెలిసినది తగ్గేకొద్దీ అతను పెద్దవాడయ్యాడు. కథలో ఒకరు సాధువన్నారు, ఒకరు పారిపోయిన దొంగన్నారు, ఒక ముసలాయన మాత్రం చాప పరిచి కూర్చోమన్నాడు. అలా ఎవరి గుమ్మంలో వాళ్ళు అతన్ని పెంచారు. ఆఖరి పేజీలో అతను బతికే ఉన్నాడు, పగటి వెలుతురులో ఎవరింటికో నడుస్తున్నాడు. అది చదివిన శుక్రవారం పిన్నిగారు చేతులు జోడించుకుని విన్నారు. ప్రసాదం కళ్ళకద్దుకుని, "సల్లగుండు తల్లీ," అని వెళ్ళిపోయారు.

పుస్తకం వచ్చాక ఆ మనిషి ఎవరో చెప్పమని చాలామంది అడిగారు. చెప్పకుండా దాచడం గొప్ప నేర్పు అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ నేర్పు నాది కాదు, పిన్నిగారు ఇచ్చినది. ఆవిడకి నేను తిరిగి ఇచ్చుకోగలిగింది ఒక్కటే, అది మీ చేతుల్లో ఉంది. చరోదా నుంచి డ్యూటీకని వెళ్ళి ఇంటికి రాని ఒకాయన ఉన్నారు. దేవుడి ముందు మీవాళ్ళందరినీ చెప్పుకునేటప్పుడు, పేరు తెలియకపోయినా ఫరవాలేదు, ఆయన్ని కూడా ఒకసారి తలచుకోండి.