తల పోయిన కొబ్బరిమాను

నా లేతు మిషను మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. చేతికి నూనె ఉంది కాబట్టి ప్రమాణం జారిపోతుందని ఎవరూ అనుకోవద్దు.

బెంగళూరు పీణ్యలో మా షాపు వెనక పిడుగు పడి తల పోయిన కొబ్బరిమాను ఒకటి ఉంది. దాని తొర్రలో చిలకల జంట మూడు పిల్లల్ని పెట్టింది. ఆ వీధిలో తొర్రలున్న ముసలి చెట్లన్నీ రోడ్డు వెడల్పు చేసినప్పుడే పోయాయి. మిగిలింది ఇదొక్కటే. అది కూడా వానలకు మా రేకుల మీద పడుతుందని ఓనరు భయం.

"వానలకు ముందరే కొట్టించాల అప్పా. రేకుల కింద పన్నెండు మంది ఉండారు," అన్నాడు.

పిల్లలకు ఇంకా ఈకలు కూడా రాలేదని చెప్పాను. వారం గడువిచ్చాడు.

మిషన్ షాపు వాళ్ళం, మాకు తెలిసింది ఇనుమే. స్టీలు రేకుతో గూడు పెట్టె చేశాం. కన్నం లేతు మీద తిప్పి, వెర్నియర్ పెట్టి కొలిచి, అంచు గుచ్చుకోకుండా సాన పట్టాం. ఏ ఆర్డరుకూ అంత శ్రద్ధ చూపించి ఎరగం. గోడకు బిగించాక తల్లి చిలక వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, సరుకు వెనక్కి పంపే ఇన్‌స్పెక్టరులా చూసి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేను లోపల చెయ్యి పెడితే చుర్రుమంది. పిల్లల్ని అందులోకి మార్చి ఉంటే ఉడికిపోయేవి.

పక్షుల్ని కాపాడే కేంద్రానికి ఫోన్ చేశాను. పిల్లల్ని తొర్రలోంచి కదిలిస్తే తల్లి రాకపోవచ్చు, చేతనైతే మానునే నిలబెట్టమన్నారు. ఆ పని మాకు వచ్చు. పెట్టె విప్పి, ఆ రేకుతోనే మానుకు పట్టీలు చుట్టి, మూడు వైపులా ఇనుప ఊతాలు పెట్టి నేలలో కాంక్రీటు పోశాం. ఓనరు వచ్చి చేత్తో ఊపి చూశాడు.

"మనిషికి కాలిరిగినా ఇంత కట్టు కట్టరు కదప్పా," అని లోపలికి పోయాడు. చెట్టు కొట్టేవాణ్ణి మాత్రం పిలవలేదు.

మొదటి గాలివానకు మా రేకులు రెండు లేచిపోయాయి గాని మాను కదల్లేదు. నెల తిరక్కుండా మూడు పిల్లలూ ఎగిరిపోయాయి.

ఈ చివరి మాట నేను కల్పించింది. ఎగిరినవి రెండే. మూడోది ఎగరబోయి కింద పడింది. దెబ్బేం తగల్లేదు. పైన తల్లి అరుస్తూనే ఉంది, అందే ఎత్తులో ఏదైనా కొమ్మ మీద పెడితే సరిపోయేది. నేను దాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మాట్లాడే చిలక కావాలని చిన్నప్పట్నుంచీ నాకు కోరిక. రెక్క ఈకలు కత్తిరించింది కూడా నేనే. నాలుగో రోజు మా ఆవిడ చిలకతో సహా పంజరం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బోనులో పెట్టేదానికేనా ఆ మాను నిలబెట్టినారు? పోయి ఇచ్చేసి రాండి," అంది.

కేంద్రంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. చిలకను పెంచడం చట్టం ప్రకారం నేరమని చెప్పి, తిట్టకుండానే తీసుకున్నారు. కొత్త ఈకలు వచ్చేదాకా అది అక్కడే ఉండాలట, ఏడాది పట్టినా పట్టొచ్చట. అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడుగుతుంటాను. ఈకలు ఇంకా రాలేదంటారు.