బ్యాటరీ లేకుండానే కరెంటు

2023 ఆగస్టు. షార్జాలో ఒక రెండేళ్ల కాలేజీలో ఫిజిక్స్ పూర్తి చేసి, యూనివర్సిటీలో నేరుగా మూడో ఏడాదిలో చేరడానికి వెళ్లాను. అలా మారడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. పాత కాలేజీ థియరీ మార్కులను వాళ్లు ఒప్పుకున్నారు. ల్యాబ్‌కు మాత్రం ఒక పరీక్ష పెట్టారు. అందులో తప్పితే మొదటి ఏడాది ల్యాబ్ మళ్లీ చేయాలి, డిగ్రీ ఒక ఏడాది వెనక్కి పోతుంది.

ఆ ఏడాది నా ఒక్కదానిదే కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాన్న షార్జా శివార్లలోని సజ్జాలో ఒక స్టీలు యార్డుకు ఫోర్‌మన్. నా డిగ్రీ కాగానే దుబాయ్ ఖలాస్, ఇగ ఇంటికే అని అప్పటికే అందరికీ చెప్పేశాడు. ఆ ఉదయం నన్ను కంపెనీ పికప్‌లో దింపి, గేటు బయటే ఆగాడు.

ల్యాబ్‌లో సామాను సర్దుతున్న అమ్మాయిని చూసి నా కాళ్లు ఆగిపోయాయి. నసీమా. నెల్లూరమ్మాయి, కాలేజీలో నా బ్యాచే. అక్కడ నేను ల్యాబ్ హెల్పర్‌గా పని చేసేటప్పుడు మీటర్లు కలపడం తనకు నేర్పింది నేనే. ఒక్క ఏడాదికే ట్రాన్స్‌ఫర్ అయి, ఇప్పుడు ఇక్కడ చదువుతూనే ల్యాబ్ అసిస్టెంట్ కోటు వేసుకుని ఉంది.

"అక్కా! నువ్వా!" అంది గట్టిగా. అందరూ తిరిగి చూశారు. నేను తల వంచుకుని నా బల్ల దగ్గరికి వెళ్లిపోయాను. కాసేపటి క్రితమే పక్కనున్న వాళ్లు ఏ కాలేజీ అని అడిగితే "షార్జాలోనే" అని ఊరుకున్నాను. మా కాలేజీ ఒక సూపర్‌మార్కెట్ మీద రెండంతస్తులు. ఆ పేరు చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు.

ప్రయోగం సులువైనదే. ఒక తీగకు వోల్టేజ్ పెంచుతూ కరెంటు చూసి గ్రాఫ్ గీయాలి. చకచకా చేసేశాను. ప్రొఫెసర్ ఈజిప్టు ఆయన. గ్రాఫ్ ఎత్తి పట్టుకుని నవ్వారు.

"నీ గీత ప్రకారం వోల్టేజ్ సున్నా అయినా కరెంటు పారుతోంది. బ్యాటరీ లేకుండానే కరెంటు! యల్లా, కానివ్వు, ఈ రహస్యమేదో మాకూ చెప్పు."

పక్క బల్లల వాళ్లు నవ్వారు. నాకు అప్పుడు వెలిగింది. మా కాలేజీ వోల్ట్‌మీటర్లన్నీ పాతవి. ఏమీ కొలవకముందే ముల్లు సున్నా దాటి రెండు గీతల అవతల నిలబడేది. దాన్ని జీరో ఎర్రర్ అంటారు. అందుకే వచ్చిన ప్రతి రీడింగ్‌లోంచి రెండు గీతలు తీసేయడం మాకు అలవాటైపోయింది. ఈ కొత్త మీటరు ముల్లు సున్నా మీదే ఉందా లేదా అని చూడకుండానే నేను ఇక్కడా తీసేశాను.

"రీడింగ్ ఎందుకు మార్చావు?" ఆయన నవ్వు ఆపి అడిగారు.

కారణం నాకు తెలుసు. చెప్పాలంటే మా కాలేజీ గురించి చెప్పాలి, ఆ మీటర్ల గురించి చెప్పాలి, అదీ వీళ్లందరి ముందు. ఆయన ఆగారు. చాలాసేపే ఆగారు. నేను బల్ల అంచునే చూస్తూ నిలబడ్డాను.

"సర్, మా కాలేజీలో..." అని నసీమా మొదలుపెట్టింది.

"నేను అడిగింది ఈమెను," అన్నారాయన. ఇంకాస్త ఆగి, కాగితం మీద గీత కొట్టి పక్క బల్లకు వెళ్లిపోయారు.

వరండాలో నసీమా నా చెయ్యి పట్టుకుంది. "ఏందక్కా నువ్వు! నోట్లో నాలుక లేదా? పోయినేడు నేనూ ఇదే తప్పు చేశా. మా మీటర్లు దరిద్రంగా ఉంటాయి సార్, ఇంకో ఛాన్స్ ఇవ్వండి అన్నా. నవ్వి ఇచ్చాడు. నీకూ ఇచ్చుండేవాడు. నువ్వు చెప్తావనే కదా అంతసేపు నిలబడింది!"

తప్పు చేసినందుకు కాదు, ఇది విన్నందుకు ముఖం మండిపోయింది.

పికప్ ఎక్కగానే నాన్న అడిగాడు. "అయిందా బిడ్డా? పాసేనా?"

"లేదు నాన్నా. ఇంకో ఏడాది పడుతది."

ఆయన బండి స్టార్ట్ చేశాడు. "సరే తియ్. సజ్జా యాడికి పోతది, ఆడనే ఉంటది," అన్నాడు. ఎందుకు తప్పానని అడగలేదు. నేను చెప్పలేదు. రోజూ డైరీ రాసేదాన్ని, ఆ రోజు తారీఖు వేసి ఊరుకున్నాను.

మొదటి ఏడాది ల్యాబ్ నసీమా దగ్గరే మళ్లీ చేశాను. ఇప్పుడు అదే ల్యాబ్‌లో నేనూ అసిస్టెంట్‌ని. ట్రాన్స్‌ఫర్ పిల్లలు వచ్చినప్పుడు మా కాలేజీ పేరు, మా మీటర్ల సంగతి ముందు నేనే చెప్తాను. ఏమీ కలపకముందు ముల్లు ఎక్కడుందో చూడమంటాను. ఎవరైనా తప్పు చేసి నోరు మెదపకపోతే, పక్కకు పిలిచి మళ్లీ అడుగుతాను.

ఆ పరీక్ష నాకు నేర్పింది ఫిజిక్స్ కాదు. సిగ్గు పడింది నేను, దాని ఖరీదు కట్టింది ఇంకొకరు. ఇది 2025 ఎండాకాలం. అనుకున్నట్టు జరిగి ఉంటే నాన్న ఈపాటికి పల్లెలో ఇంటి దగ్గర ఉండేవాడు. ఇవాళ కూడా పొద్దున్నే తడిపిన తువ్వాలు తలకు చుట్టుకుని యార్డుకు వెళ్లాడు.