మంచు ఉక్కు కవచం

మంగళగిరిలో మా ఆఫీసు క్యాంటీన్‌లో అన్నం తింటుంటే నా స్టీలు డబ్బా మూత మీద ఏదో టంగుమని పడింది. పక్క బల్ల దగ్గర ఆటాడుకుంటున్న కుర్రాళ్ళ చేతిలోంచి జారి ఎగిరొచ్చిన పాచిక. ఇరవై ముఖాలది, ఆకుపచ్చది. గోంగూర వాసన వేస్తున్న ఆ మూత మీద మా నాయనమ్మ పేరు, సీతమ్మ అని, చుక్కచుక్కలుగా కొట్టించి ఉంటుంది. సరిగ్గా ఆ పేరు మీదే పాచిక వచ్చి నిలబడేసరికి, మరిచిపోయాననుకున్న పాత కోపం అరికాలి మంటలా నెత్తికెక్కింది.

మాది దర్శి దగ్గర పల్లెటూరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. పత్తి తీతలయ్యాక ధర వచ్చేదాకా సరుకంతా ఇంట్లోనే పోసుకునేవాళ్ళం. ముందు గది నిండా, కిటికీ ఊచలు కనపడనంత ఎత్తున పత్తి, మంచాలన్నీ వసారాలోకి, ఇల్లంతా గింజల నూనె వాసన, ఎండుటాకుల నలుసులు, తుమ్ములు, ముక్కు దురద. వాకిట్లో పట్టాల మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు పొద్దెక్కేకొద్దీ లోపలికొచ్చి కళ్ళు మండించేది. రోట్లో కొత్తగా తొక్కిన పండుమిరపకాయల పచ్చడి వేడన్నంలో నెయ్యేసుకుని కలుపుకుంటూ, కారానికి బుసలు కొడుతూ, ఇంకో ముద్ద పెట్టమనేవాళ్ళం. నాన్న చేలోకి వెళ్ళగానే నేనూ మా తమ్ముడు బుజ్జీ అటక మీంచి పత్తిలోకి దూకటమే పని.

ఆ ఏడు మా పెదనాన్న కొడుకు శీనన్న ఇంజినీరింగు కాలేజీ హాస్టలు నుంచి పచ్చకామెర్లతో వచ్చి మా ఇంట్లో దిగాడు. పత్యం పెట్టటం నాయనమ్మకే చేతనవునని అందరి నమ్మకం. ఊరంతా ఎర్రగా మిరపకాయలు ఆరబోసుకుని కూర్చుంటే పాపం అన్నకి మాత్రం మూడు పూటలా చప్పిడి మజ్జిగన్నం. కాలక్షేపానికి పత్తి మీద దుప్పటి పరుచుకుని, హాస్టల్లో నేర్చుకున్న ఆట ఒకటి మాకు మొదలుపెట్టాడు. ఆయన కథ చెబుతాడు, మేం కథలో వీరులం. ఏం చేస్తామో మేమే చెప్పాలి, అది జరిగిందీ జరగనిదీ ఆకుపచ్చ పాచిక తేలుస్తుంది. కొండగుహలో ఒక అగ్గిపాము ఉంది. దాన్ని చంపాలి. ఇంతే కథ, నాకు నిద్రలో కూడా అదే.

అయితే గుహలోకి వెళ్ళేముందు కవచాలు చేయించుకోవాలన్నాడు. మూడు లోహాలు చెప్పాడు. ఆకాశం నుంచి పడ్డ ఇనుము, తేలికైనది, విరగదు. చంద్ర వెండి, దాని మీద మంత్రాలు పారవు. మంచు ఉక్కు, నిప్పు అంటదు. కొలిమి ఒక్కసారే వెలుగుతుంది కాబట్టి అందరికీ ఒకటే లోహం, అందరూ ఒప్పుకుంటేనే. ఆ చివరి షరతే మా కొంప ముంచింది.

అగ్గిపాము మీదికి వెళ్ళేవాళ్ళకి మంచు ఉక్కు కావాలని చెప్పటానికి పెద్ద చదువులు కావాలా? బుజ్జిగాడు మాత్రం తళతళలాడుతుందని చంద్ర వెండి పట్టుకు కూర్చున్నాడు. ఇద్దరం అరుచుకుంటుంటే నాయనమ్మ వచ్చి మధ్యలో చతికిలబడింది. మా ఇళ్ళలో గరిటె కొనాలన్నా ఇంటిల్లిపాదీ వేలితో కొట్టి మోత విని, చేత్తో బరువు చూసి, వెనక్కి తిప్పి అతుకులు వెతికి, ఇంకో కొట్టుకి వెళ్ళి వచ్చాకే కొంటారు. ఇక కవచమంటే ఊరుకుంటారా?

"వెండి నల్లబడుద్దిరా, రోజూ ఎవుడు తోముతాడు?" అంది బుజ్జితో. ఆకాశపు ఇనుము మాట ఎత్తగానే చెంపలేసుకుంది. "పిడుగు పడ్డ చెట్టునే పొయ్యిలో పెట్టం, ఆ ఇనుము ఒంటికి తొడుక్కుంటారా?" పోనీ మంచు ఉక్కుకి ఓటేస్తుందా అంటే అదీ లేదు, ఎండాకాలం కరుగుద్దేమో కనుక్కోమంది. సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుంటూ విని, మందు కొట్టే స్ప్రేయరు కారుతున్న కోపంలో ఉన్నాడేమో, "పాడైతే బాగుచేసేవాడు దగ్గర్లో ఉన్నాడో లేడో చూసుకోండి ముందు," అన్నాడు. చంకల్లో ఒరుసుకుంటుందేమో అంది అమ్మ. శీనన్న అందరి మాటలూ శ్రద్ధగా వింటాడు, కొలిమివాణ్ణి అడిగి చెబుతానంటాడు, మర్నాటికి వాయిదా వేస్తాడు. నాకు జుట్టు పీక్కోవాలనిపించేది. ఎందుకంటే రోజూ పొద్దున్నే నాయనమ్మ అన్న కనురెప్ప కిందికి లాగి చూసేది, కళ్ళు తెల్లబడితే కాలేజీకి పంపేస్తారు. ఆ కళ్ళలో పసుపు తగ్గేకొద్దీ నా గుహ నాకు దూరమైపోతోంది.

చివరికి ఎలాగో మంచు ఉక్కుకి ఒప్పించాను. నాయనమ్మ ఒక మెలిక పెట్టింది. "పేర్లు కొట్టించండి. ఇరుగూ పొరుగూ అడిగితే ఇస్తాం, మారిపోతే మనదని ఎట్టా తెలుస్తది? నాక్కూడా ఒకటి చేయించండి, నేనూ వస్తా." అంతే, పేర్ల దగ్గర ఇంకో యుద్ధం. ఇంటిపేరు ఉండాలా వద్దా, ఛాతీ మీదా వీపు మీదా, బుజ్జిగాడికి అసలు పేరా ముద్దుపేరా? శీనన్న కథలోని మరుగుజ్జు కమ్మరి పాపం స్టీలు సామాన్ల కొట్టువాడిలా గిర్రుమని మిషను పెట్టి మా ముగ్గురి పేర్లూ చుక్కలుగా కొట్టాడు.

అప్పటికి గుహ గుమ్మం దగ్గరికి చేరాం. అన్న పాచిక నా చేతిలో పెట్టాడు. నాయనమ్మ కొంగు నడుముకి దోపుకుంది. రెండు చేతుల మధ్య ఊపి, ఇన్నాళ్ళ ఉక్రోషమంతా కలిపి విసిరాను. అది దుప్పటి అంచు దాటి పత్తిలో పడింది. బుజ్జిగాడు గబుక్కున దాని మీదికి దూకాడు, పత్తి జారింది, పాచిక లోపలికి దిగిపోయింది. పొద్దుగూకేదాకా ముగ్గురం పత్తి తవ్వాం. మర్నాడు పొద్దున్నే బేరగాడి మనుషులొచ్చి, పత్తినంతా బోరేల్లో కూరి కాళ్ళతో తొక్కి, లారీకెత్తి గుంటూరు మిల్లుకి తోలుకుపోయారు. ఊడ్చిన గదిలో ఒక్క గింజ మిగలలేదు, పాచికా లేదు.

"గవ్వలున్నయ్యిగా, వాటితో ఎయ్యండి," అంది నాయనమ్మ. అన్న వినలేదు. ఆ పాచిక ఎంత పడిందో తెలిసేదాకా లోపలికి వెళ్ళటానికి లేదన్నాడు. నేను ఏడ్చాను, అన్నం మానేశాను. ఆ మర్నాడే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ ఇళ్ళలో పత్తి పోయటం లేదు, చేలోంచే లారీకెత్తేస్తున్నారు. గిన్నెల మీద పేర్లూ ఎవరూ కొట్టించటం లేదు. క్యాంటీన్‌లో అదే ఆట ఆడుతున్న కుర్రాళ్ళు ఫోన్లో వేలితో తాకి రెప్పపాటులో కవచం ఎంచుకుంటున్నారు, మోత వినరు, బరువు చూడరు. పాచిక వాళ్ళకిచ్చేసి శీనన్నకి ఫోన్ చేశాను. ఆయన ఒంగోల్లో కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు.

"అన్నా, ఆ రోజు ఎంత పడితే గుహలోకి వెళ్ళేవాళ్ళం?"

గుర్తొచ్చి నవ్వాడు. "ఎంత పడ్డా వెళ్ళేవాళ్ళమే సునీ. ఊరికే నీ చేత వేయించా."

"మరి ఎందుకాపావు?"

"పత్తి ఎత్తిన పొద్దున్నే నాయనమ్మ నా కళ్ళు తెల్లబడ్డాయంది. ఒక్కరోజులో అయ్యే కథా అది? మిమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి మధ్యలో వదిలేసి ఎట్టా పోను?"

మంచి మనసుతోనే చేశాడు, కాదనను. అయినా నా కోపం తగ్గలేదు, ఇంకాస్త పెరిగింది. ఎందుకంటే నాయనమ్మ పోయే ఏడు కూడా, మంచంలో పడుకుని, నేను హాస్టలు నుంచి రాగానే నా చెయ్యి పట్టుకుని, "ఏమే, ఆ అగ్గిపాము చచ్చిందా?" అని అడిగింది. లేదని చెప్పాను.

"మధ్యలోనైనా వదిలెయ్యాల్సింది అన్నా," అని ఫోను పెట్టేసి, ఆవిడ పేరున్న మూత డబ్బాకి బిగించాను.